దెయ్యానికి ఎప్పుడూ ఆడదే ఎందుకు దొరుకుతుంది?

మొన్న దసరా సెలవులకి మా పిన్ని దివిసీమ నుంచి వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులుంది. పెళ్ళిళ్ళకీ, పేరంటాలకీ తప్ప గడప దాటని మనిషి. ఎన్నాళ్ళకో వచ్చింది కదా అని నేను బూరెలు వండే హడావిడిలో ఉన్నాను. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, దాని చుట్టూ చేరిన ఎదురింటి పిల్లలూ హాల్లో లైట్లు ఆర్పేసి టీవీలో దెయ్యం సినిమా పెట్టారు. మావారు కూడా "పిల్లలు భయపడతారు, ఎవరో ఒకరు తోడుండాలి" అన్న వంకతో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పిన్ని వచ్చి మంచం మీద ఒక మూల సర్దుకుంది.

ఏ సినిమా అన్నది అనవసరం లెండి. అన్నిటిలోనూ ఆ సీను ఉండేదే. జుట్టు విరబోసుకున్న అమ్మాయిని స్తంభానికి కట్టేశారు. చుట్టూ ముగ్గు, నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. ఒకాయన వేపమండలతో కొడుతూ "ఎవరే నువ్వు? చెప్పు!" అని గద్దిస్తున్నాడు. కన్నతల్లీ, కట్టుకున్నవాడూ పక్కన నిలబడి చూస్తున్నారు. మా పిల్లలు దిండ్లు కరుచుకుని కళ్ళార్పడం లేదు. నేను కూడా చట్రం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. అంతలో పిన్ని లేచి, చప్పుడు కాకుండా వంటింట్లోకి వచ్చేసింది.

"ఏం పిన్నీ, భయమేసిందా?" అని నవ్వుతూ అడిగాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

పిన్ని పీట వాల్చుకుని, పూర్ణం పళ్ళెం ముందుకు లాక్కుని ఉండలు చేస్తూ, "దెయ్యం వదిలాక ఆ పిల్ల ఏమైందో ఎక్కడన్నా చూపిస్తారా అమ్మాయ్?" అంది.

నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పటి నుంచీ లెక్కలేనన్ని దెయ్యం సినిమాలు చూశాను. గుర్తు చేసుకుంటే ఒక్కదాంట్లోనైనా, దెయ్యం వదిలిన మర్నాడు ఆ అమ్మాయి ఎలా నిద్ర లేచిందో, వాకిట్లోకి వస్తే చుట్టుపక్కల వాళ్ళు ఎలా చూశారో, తనని కొట్టిన వాళ్ళకి అన్నం ఎలా వడ్డించిందో చూపించినట్టు గుర్తు రాలేదు. దెయ్యం పోతుంది, అందరూ నవ్వుతారు, పేర్లు పడతాయి. మనం లేచి చెప్పులు వెతుక్కుంటాం.

పిన్ని అలా ఎందుకు అడిగిందో తర్వాత చెబుతాను. ముందు నా సంగతి చెప్పుకోనివ్వండి. నేను దెయ్యాలంటే ముఖం చిట్లించే మేధావిని కాను. దెయ్యం కథలంటే చెవి కోసుకునే మనిషిని. అప్పుడప్పుడూ నాలుగు కథలు రాసుకుంటున్నానంటే, ఆ రుచి నాకు మొదట పట్టింది అమ్మమ్మ చెప్పిన కొరివి దెయ్యం కథల్లోనే. మా చిన్నతనంలో ఈ కాలవ గట్ల మీద తాటిచెట్టుకో దెయ్యం, రావిచెట్టుకో బ్రహ్మరాక్షసి ఉండేవి. కరెంటు పోతే చాలు, పిల్లలందరం అమ్మమ్మ చుట్టూ చేరేవాళ్ళం.

తొంభైల్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. రాత్రిపూట తెలిసినవాళ్ళ గొంతుతో ఒక ఆడదెయ్యం పిలుస్తుందనీ, తలుపు మీద అలా రాసి ఉంటే చదువుకుని వెళ్ళిపోతుందనీ పుకారు. మా వీధిలో ప్రతి తలుపు మీదా సుద్దముక్కతోనో బొగ్గుతోనో ఆ నాలుగు ముక్కలూ ఉండేవి. చదువు రాని వాళ్ళు కూడా మా చేత రాయించుకునేవారు. అమ్మమ్మ మాత్రం "పాపం, చదువుకున్న దెయ్యమే! రోజూ రావడం, రేపు రమ్మంటే మారుమాట లేకుండా వెళ్ళిపోవడం. ఇంత మర్యాద తెలిసిన దానికి భయమెందుకర్రా?" అని నవ్వేది.

అమ్మమ్మకి భయం లేకపోవడానికి వేరే కారణం ఉంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనని కళ్ళారా చూసిన మనిషావిడ. దివిసీమలో ఊళ్ళకి ఊళ్ళు కొట్టుకుపోయాయి. వేలమంది పోయారు. "దెయ్యాలే ఉంటే ఆ నెలలో మాకు దారి నడవడానికి చోటుండేదా? ఎంత పిలిచినా ఒక్కరూ తిరిగి రాలేదమ్మా" అనేది. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం నవ్వేది కాదు.

ఇక సినిమాలు. మా తరానికి దెయ్యాలని టీవీలో పరిచయం చేసింది విఠలాచార్యగారు. తక్కువ డబ్బుతో ఎక్కువ మాయ చేయడంలో ఆయన్ని మించినవాడు లేడు. 1978లో వచ్చిన 'జగన్మోహిని'లో దెయ్యం కట్టెలకి బదులు తన కాళ్ళే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది కదా, ఆ సీను చూసి అందరూ భయపడితే మా అమ్మ మాత్రం "చచ్చి దెయ్యమైనా దానికి పొయ్యి తప్పలేదు చూడండి" అంది. అప్పుడు నవ్వాం గానీ, ఇప్పుడు ఆలోచిస్తే తెలుగు దెయ్యం సినిమాల మీద ఇంత సూటి విమర్శ నేను మళ్ళీ వినలేదు.

అమ్మ తరం ఆడవాళ్ళు దెయ్యాలని వారపత్రికల్లో చదువుకున్నారు. యండమూరిగారి 'తులసిదళం' వస్తున్న రోజుల్లో పుస్తకం చేతులు మారుతూ వీధంతా తిరిగేదట. పగలు చదవడం, రాత్రి పెరట్లోకి వెళ్ళడానికి తోడు అడగడం! 'కాష్మోరా' అన్న మాట ఇళ్ళల్లో పిల్లల్ని బెదిరించే మాట అయిపోయింది. అదే పేరుతో 1986లో సినిమా కూడా వచ్చింది. ఆ నవలని రంగనాయకమ్మగారు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అంటూ ఏకంగా ఒక పుస్తకమే రాసి ఉతికి ఆరేశారు. అమ్మ ఆ రెండు పుస్తకాలూ చదివింది. "ఒకటి చదివాక నిద్ర పట్టలేదు, రెండోది చదివాక సిగ్గేసింది" అనేది. రెండూ దాచుకుంది కూడా. నా పరిస్థితీ అంతే. నిద్ర పట్టకపోవడమూ కావాలి, తర్వాత కాస్త సిగ్గుపడటమూ కావాలి.

ఇప్పుడు ఈ సినిమాలు ఇన్ని ఎందుకు వస్తున్నాయంటారా? లెక్క సులువు. దెయ్యం సినిమాకి పెద్ద హీరో అక్కర్లేదు. ఊరికి దూరంగా ఒక పాత ఇల్లు, నలుగురు నటులు, కాసింత పొగ, కిర్రుమనే తలుపు ఉంటే చాలు. పాటల కోసం విదేశాలు వెళ్ళక్కర్లేదు. కూరగాయలు నిండుకున్న రోజున మనం చింతపండూ, ఉల్లిపాయా, పచ్చిమిరపకాయా పెట్టి పచ్చిపులుసుతో రోజు గడిపేసినట్టు, డబ్బు లేని దర్శకుడు చీకటితో సినిమా గడిపేస్తాడు. అందులో తప్పేం లేదు. పచ్చిపులుసు బాగా కుదిరితే పప్పుచారు కూడా దాని ముందు దిగదుడుపే. 2012లో రవిబాబు తీసిన 'అవును', 2013లో వచ్చిన 'ప్రేమకథా చిత్రమ్' అలా కుదిరినవే. ఆ తర్వాత 'గీతాంజలి', 'రాజు గారి గది', 'ఆనందో బ్రహ్మ' అంటూ భయమూ నవ్వూ కలిపిన సినిమాలు వరస కట్టాయి.

కుదరని పచ్చిపులుసులే ఎక్కువనుకోండి. భయానికీ, ఉలికిపాటుకీ తేడా తెలియని వాళ్ళు ఎక్కువైపోయారు. నిశ్శబ్దంగా ఉన్న చోట చెవులు పగిలేలా ఒక మోత మోగిస్తారు. పక్కన కుక్కర్ విజిల్ వేసినా మనం ఉలిక్కిపడతాం, అది భయమా? పెరట్లో బట్టలు తీసుకొస్తుంటే మన వెనక ఎవరో ఉన్నారనిపిస్తుంది చూడండి, అదీ భయం. 'అవును' నాకు నచ్చింది అందుకే. అందులో దెయ్యం మగవాడు. కంటికి కనపడడు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లని స్నానాల గదిలో, పడకగదిలో వెంటాడే ఒక చూపు. బస్టాండుల్లో, రైళ్ళలో, దుకాణాల్లో ఆ చూపు మనందరికీ తెలిసిందే. మనం చూసేది దెయ్యాన్ని కాదు, దాన్నే. కాకపోతే ఒక్క ఫిర్యాదు. ఆ దెయ్యం తొంగి చూస్తోందని చెబుతూ కెమెరా కూడా అదే పని చేసింది. దొంగని పట్టించే వంకతో తానూ ఒక చెయ్యి వేసినట్టు.

ఇలా మగదెయ్యం ఉన్న సినిమాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2009లో వచ్చిన 'అరుంధతి' ఇంకోటి. అది చిన్న సినిమా కాదనుకోండి. కానీ ఆడవాళ్ళు అత్తాకోడళ్ళతో సహా కట్టగట్టుకుని వెళ్ళి చూశారంటే, అందులో ఆడది కట్టుబొమ్మలా కొట్టించుకోదు, ఎదురు నిలబడుతుంది కనకనే. అయితే బయటికి వచ్చాక మగపిల్లలు మాత్రం ఆ విలన్ మాటే పట్టుకుని కాలేజీ దారిలో ఆడపిల్లల్ని ఏడిపించారు. సినిమా ఎవరి కోసం తీసినా, డైలాగు ఎవరికి దక్కుతుందో చెప్పలేం.

మిగతా వాటన్నిటిలో వరస ఒకటే. బతికున్నప్పుడు ఒక ఆడపిల్లని మోసం చేస్తారు, పాడు చేస్తారు, చంపుతారు. అప్పుడు నోరెత్తదు. చచ్చాక గొంతు వస్తుంది. ఆ గొంతు కూడా ఇంకో ఆడపిల్ల ఒంట్లో దూరితే తప్ప బయటికి రాదు. అంటే చచ్చిందీ ఆడదే, పట్టిందీ ఆడదాన్నే, వేపమండలతో తన్నులు తిన్నదీ ఆడదే. వదిలించేది మాత్రం ఎప్పుడూ మగాడు. ఈ పంపకం ఎవరు చేశారంటారు?

అయితే ఇందులో కాస్త నిజం లేకపోలేదు. మన ఊళ్ళల్లో జాతరప్పుడు పూనకం వచ్చిన కోడలు అత్తగారిని పేరు పెట్టి పిలిచినా, మొగుడి గుట్టు నడివీధిలో విప్పినా ఎవరూ ఏమీ అనరు. చేతులు జోడించి "శాంతించు తల్లీ" అంటారు. మర్నాడు అదే కోడలు "కూరలో ఉప్పెక్కువైంది" అంటే తలొంచుకోవాలి. నోరు విప్పడానికి ఆడదానికి ఒంటి మీద దేవతో దెయ్యమో ఉండాలన్నమాట. 2025 మేలో వచ్చిన 'శుభం' నాకు నచ్చింది ఈ కిటుకు పట్టుకున్నందుకే. సమంత నిర్మాతగా తీసిన మొదటి సినిమా అది, ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు. పెద్ద తారలు లేరు. భీమిలిలో కేబుల్ టీవీ నాటి కథ. రాత్రి తొమ్మిదయ్యేసరికి ఊళ్ళో భార్యలంతా సీరియల్ ముందు చేరి మనుషులు మారిపోతారు. అడ్డొచ్చిన మొగుడి పని గోవిందా. పెళ్ళాన్ని అదుపులో పెట్టుకోవాలని గొప్పలు పోయే మగాళ్ళు వణికిపోతుంటే, మా ఇంట్లో నేనూ మా అత్తయ్యగారూ కడుపుబ్బ నవ్వాం. మావారు నవ్వలేదు. తొమ్మిది గంటలప్పుడు రిమోట్ అడగడం మాత్రం ఓ వారం మానేశారు. రెండో సగంలో కథ పలచబడింది. సీరియల్ చూసే ఆడవాళ్ళని వెక్కిరిస్తున్నారా, సమర్థిస్తున్నారా అన్నది తేల్చుకోలేక తడబడ్డారు. అయినా ఇలాంటి తడబాటు మంచిదే.

2022లో వచ్చిన 'మసూద' గురించి చెప్పాలి. మొగుణ్ణి వదిలేసి కూతుర్ని ఒక్కతే పెంచుకుంటున్న తల్లి ఆ కథకి ప్రాణం. సంగీత ఎంత బాగా చేసిందంటే, కూతురికి ఏదో అయిందని తెలిసిన రాత్రి ఆవిడ ముఖం చూస్తే దెయ్యం అక్కర్లేదనిపించింది. పక్కింటి కుర్రాడు సాయం చేస్తాడు. వాడు ఈలలు వేయించుకునే హీరో కాదు, భయపడుతూనే సాయం చేసే మామూలు మనిషి. ఇవన్నీ మెచ్చుకున్నాక మనసులో మాట కూడా చెబుతాను. నల్ల బురఖా కనిపిస్తే చాలు జనం జడుసుకునేలా దాన్ని వాడారు. మా బందరు బజార్లో బురఖాలో వచ్చి నా పక్కనే గాజులు బేరమాడే ఆవిడ ఆ సినిమా చూస్తే ఏమనుకుంటుంది? భయపెట్టడానికి ఇంకో దారి వెతుక్కోలేని దర్శకుడైతే అనేదాన్ని కాదు, ఆయన వెతుక్కోగలడు.

2023లో వచ్చిన 'మంగళవారం' కూడా అంతే. ఊరంతా చెడ్డదని వెలివేసిన అమ్మాయికి ఉన్నది జబ్బు అని ధైర్యంగా చెప్పారు. సంతోషం. అయితే ఏ విషయం చూసి జాలిపడమన్నారో, దాన్నే పోస్టర్ల మీద ఎరగా వేశారు. నోటితో జాలి, చేత్తో టిక్కెట్ల అమ్మకం.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించేవి చేతబడి సినిమాలు. 2023లో వచ్చిన 'విరూపాక్ష' పెద్ద హిట్టు. తీసిన తీరుకి వంక పెట్టలేం. చీకట్లో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని చూశాను. మొదట్లో చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ఊరి జనం ఒక జంటని కాల్చి చంపుతారు. నిజానిజాలు తేల్చుకోకుండానే ఊరు తీర్పు చెప్పేస్తుంది. అది చూసి "ఆహా, మూకుమ్మడి దౌర్జన్యం గురించి చెబుతున్నారు" అనుకున్నాను. పన్నెండేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో జనం నిజంగానే మంత్రానికి చస్తారు! అంటే అనుమానించిన విద్య ఉన్నట్టేగా? తక్కువ ఖర్చుతో తీసిన 'మా ఊరి పొలిమేర' రెండు భాగాలూ చూశాను. 2021లో మొదటిది ఓటీటీలోనే వచ్చింది, 2023లో రెండోది హాళ్ళకి వచ్చింది. నటులు ఊరి మనుషుల్లాగే ఉన్నారు. లచ్చిమిగా కామాక్షి భాస్కర్ల కళ్ళతోనే బెదరగొట్టింది. మలుపులు నేను ఊహించలేకపోయాను, కథలు రాసేదానిగా అసూయ కూడా పడ్డాను. కానీ అక్కడా చివరికి తేలేదేమిటి? చేతబడి ఉంది, పనిచేస్తుంది.

"సినిమాని సినిమాలా చూడాలి" అంటారు మావారు. నిజమే, హాల్లో కూర్చున్నంతసేపూ అలాగే చూస్తాను. మర్నాడు పేపరు తెరిస్తే ఏం కనపడుతుంది? చేతబడి చేసిందన్న అనుమానంతో ఒంటరి ముసలమ్మని కొట్టి చంపారన్న వార్త. దేశంలో జరిగే హత్యలకి కారణాలు లెక్కగట్టే ప్రభుత్వ పట్టికలో చేతబడి అనుమానానికి ఏటా విడిగా ఒక గడి ఉంటుందంటే, మనం ఎక్కడున్నామో చూడండి. చదువు లేకపోవడం వల్ల అనుకుంటే పొరపాటు. 2021 జనవరిలో మదనపల్లెలో, మళ్ళీ బతికి వస్తారన్న నమ్మకంతో ఇద్దరు ఆడపిల్లల్ని కన్నవాళ్ళే చంపుకున్నారన్న కేసు చదివి మనమంతా కొయ్యబారిపోయాం. ఆ తల్లిదండ్రులు పాఠాలు చెప్పే చదువరులు. నరేంద్ర దభోల్కర్‌ని కాల్చి చంపాక 2013లో మహారాష్ట్ర, ఆ తర్వాత 2017లో కర్ణాటక ఇలాంటి దురాచారాల మీద చట్టాలు చేశాయి. చట్టం వస్తే చాలదు, మనసులో దెయ్యం వదలాలి కదా.

తమాషా ఏమిటంటే ఇదే నేల మీద అలాంటివాళ్ళూ పుట్టారు. మా గుడ్లవల్లేరు పక్కనే అంగలూరు, కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారి ఊరు. బందరు హిందూ కళాశాలలో పాఠాలు చెప్పిన గోరాగారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. ఆయనా, ఆయన భార్య సరస్వతి గోరాగారూ దెయ్యాల కొంప అని పేరుపడ్డ ఇంట్లో కాపురం పెట్టి, ఏమీ కాదని చూపించారు. కడుపుతో ఉండగా ఆవిడ గ్రహణం చూశారు. తొంభై ఏళ్ళ కిందట ఒక ఆడమనిషి దెయ్యాల కొంపలో వంట చేసుకుని, పిల్లల్ని పెంచుకుంది! మన దర్శకులు ఇంకా ఆ ఇంట్లోకి పొగ వదులుతూనే ఉన్నారు.

ఇప్పుడు పిన్ని సంగతి చెబుతాను. ఆవిడని అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను.

1996లో పిన్నికి తొలికాన్పు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆడపిల్ల పుట్టింది. వారం తిరక్కుండా పిన్ని నిద్ర మానేసింది. రాత్రంతా తిరుగుతూ తనలో తాను మాట్లాడుకునేది. ఉన్నట్టుండి నవ్వేది. పిల్లనిస్తే "ఇది నా పిల్ల కాదు" అని తోసేసేది. బాలింత కాలవ గట్టుకి వెళ్ళిందనీ, గాలి సోకిందనీ అన్నారు. అత్తగారి తరఫు వాళ్ళు ఒక భూతవైద్యుణ్ణి తెచ్చారు. సినిమాలో చూపించేవన్నీ జరిగాయి. కట్టేశారు. వేపమండలు విరిగాయి. ఎండుమిరపకాయల పొగ పెట్టారు. పచ్చి బాలింత. పాలు గడ్డకట్టి జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. నేను కిటికీ ఊచల్లోంచి చూశాను. "ఎవరే నువ్వు?" అని వాడు అడిగిన ప్రతిసారీ పిన్ని తన పేరే చెప్పింది. తన పేరు చెప్పినందుకు మళ్ళీ కొట్టాడు.

పదకొండు రోజులు అలా నడిచింది. టీకాలు వేయడానికి వచ్చిన నర్సమ్మ చూసి ఇంటిల్లిపాదినీ చెడామడా తిట్టి, అమ్మమ్మకి కబురు పెట్టింది. అమ్మమ్మ వచ్చి పిన్నినీ, పసిగుడ్డునీ బస్సెక్కించుకుని బెజవాడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మందులతో నెల తిరిగేసరికి పిన్ని పిల్లని ఒళ్ళో పెట్టుకుంది. అది దెయ్యమూ కాదు, గాలీ కాదు. కాన్పు తర్వాత వచ్చే మానసిక జబ్బు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది. ఎక్కువగా మొదటి రెండు మూడు వారాల్లోనే బయటపడుతుంది. వెంటనే వైద్యం చేయిస్తే నయమవుతుంది. ఆలస్యం చేస్తే తల్లికీ బిడ్డకీ కూడా ప్రాణం మీదికి వస్తుంది. ఇంతే సంగతి.

ఇంతే సంగతి అని మనం అనుకుంటాం. ఊరు అనుకోదు. "దెయ్యం పట్టిన మనిషి" అన్న పేరు ఇన్నేళ్ళయినా పోలేదు. పేరంటంలో ఆవిడ చేత బాలింతకి హారతి ఇప్పించరు. పసిపిల్లల్ని ఎత్తుకోబోతే ఏదో పని ఉన్నట్టు అందుకుంటారు. ఆ కూతురే పెద్దదై ఉద్యోగం చేస్తుంటే, వచ్చిన సంబంధాలు రెండు "తల్లికి అప్పుడేదో అయిందటగా" అని వెనక్కి పోయాయి. చివరికి మంచి కుర్రాడే దొరికాడు. ఆ పిల్ల పురిటికి వచ్చినప్పుడు ఇరవై ఒక్క రోజులూ పిన్ని రాత్రిళ్ళు కన్ను మూయలేదు. దెయ్యానికి భయపడి కాదు, వేపమండలకి భయపడి.

సినిమా వాళ్ళు చూపించనిది ఇదే. దెయ్యం వదలడం ఒక్క రాత్రి పని. పేరు వదలడానికి జీవితం చాలదు. 

మలయాళంలో 1993లోనే 'మణిచిత్రతాళు' వచ్చింది. పట్టింది దెయ్యం కాదు, మనసుకి వచ్చిన జబ్బు అని అందులో ఒక మానసిక వైద్యుడు కనిపెడతాడు. మనం దాన్నే 2005లో 'చంద్రముఖి'గా డబ్బింగులో చూసి విరగబడ్డాం. ముప్పై ఏళ్ళు దాటినా ఆ దారిలో రెండో అడుగు పడలేదు. మన సినిమాల్లో డాక్టరు ఇప్పటికీ నవ్వించడానికో, "మా సైన్స్‌కి అందనిది ఏదో ఉంది" అని కళ్ళజోడు తీసి తుడుచుకోవడానికో వస్తాడు. తమిళనాడులో ఏర్వాడిలో 2001 ఆగస్టులో ఇలా గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మనోరోగులు నిప్పంటుకుని, పారిపోయే దారి లేక చనిపోయారు. కట్టేయడం అంటే అది. తెర మీద కట్టేసిన ప్రతిసారీ నాకు ఆ అంకె గుర్తుకొస్తుంది.

అలాగని ఈ సినిమాలు ఆపేయమని నేను అనడం లేదు. ఆపేస్తే మొదట ఏడ్చేది నేనే. నేను అడిగేది చాలా కొంచెం. దెయ్యం ఉందని చెప్పండి, కథ కాబట్టి నమ్ముతాం. కానీ మనిషిని కట్టేసి కొట్టడం వైద్యమని చెప్పకండి. ఊరు అనుమానించిన ముసలమ్మ నిజంగానే మంత్రగత్తె అని చివర్లో తేల్చకండి, ఆ ఒక్క మలుపు లేకపోయినా కథలు నడుస్తాయి. చచ్చిన ఆడదానికి ఇచ్చే గొంతులో సగం బతికున్న ఆడదానికి ఇవ్వండి. వీలైతే ఆఖర్న ఒక్క సీను, ఒకే ఒక్కటి, ఆ పిల్ల మర్నాడు పొద్దున ఏం చేసిందో చూపించండి. దానికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.

మనకి కూడా ఒక మాట. ఇంట్లో బాలింత నిద్రపోకుండా, వింతగా మాట్లాడుతుంటే గాలి, ధూళి అనుకుంటూ రోజులు పోనివ్వకండి. దగ్గర్లో ఉన్న డాక్టరుకి వెంటనే చూపించండి. ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయొచ్చు. 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అది, తెలుగులోనూ మాట్లాడతారు. పక్కింటావిడ ఒకప్పుడు "ఏదో అయిన మనిషి" అయితే, ఆవిడ చేతికి మన పిల్లనోసారి ఎత్తుకోమని ఇవ్వండి. దానికి ఖర్చేమీ లేదు.

పిన్ని వెళ్ళే ముందు రోజు రాత్రి వాన పడి కరెంటు పోయింది. పిల్లలు "అమ్మమ్మా, దెయ్యం కథ చెప్పవా" అని ఆవిడ చుట్టూ చేరారు. నేను వద్దని వారించబోయాను. పిన్ని మొదలుపెట్టేసింది. కాలవ గట్టు మీద కొరివి దెయ్యం, అర్ధరాత్రి నీళ్ళకెళ్ళిన కోడలు, వెనకాల గజ్జెల చప్పుడు... మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నిజం చెప్పొద్దూ, నేనూ దాని చెయ్యి పట్టుకున్నాను. ఏ సినిమా అలా భయపెట్టలేదు. ఆఖరికి దెయ్యం కోడల్ని వదిలి తాటితోపులోకి పోయింది. ఎదురింటి పిల్లాడు అడిగాడు, "తర్వాత ఆ కోడలు ఏమైంది?" అని.

"ఏమవుతుందిరా? తెల్లారింది. లేచి గేదె పాలు పితికింది. పిల్లకి పాలిచ్చింది. అత్తగారు ఏదో అనబోతే, 'నాకేం పట్టలేదు, జ్వరం వచ్చింది, తగ్గింది' అని చెప్పింది. అంతే" అంది పిన్ని.

కరెంటు వచ్చింది. పిల్లలు "ఇంకోటి, ఇంకోటి" అని గోల పెట్టారు. పిన్ని లైటు ఆర్పమంది.